బెజ్జం ఎక్కడ వెయ్యాలి

ఇంట్లో ఆమెను అందరూ బొంగరం అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది నాన్న. పిల్ల ఒకచోట కుదురుగా కూర్చోదు, ఆ రోజుల్లో ఆయన కర్ర తిప్పి చెక్కే లేత్ మీద చేసేవి కూడా బొంగరాలే, రెండూ కలిసొచ్చాయి. పిల్లలు బొంగరాలు కొనడం మానేశాక ఆయన బళ్ళకి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. గ్లోబు కింద పెట్టే స్టాండ్లు, లెక్కల మాస్టర్లకి శంకువులు, కెమిస్ట్రీ వాళ్ళకి రంగురంగుల గుండ్లు. నల్ల గుండు కార్బన్, దానికి నాలుగు బెజ్జాలు. ఎర్రది ఆక్సిజన్, రెండు. తెల్లది హైడ్రోజన్, ఒకటే. అక్షరాలు దిద్దకముందే బొంగరానికి ఇది తెలుసు. రంపపు పొట్టులో కూర్చుని ఆ గుండ్లని పుల్లలతో కలుపుతూ, విడదీస్తూ పెరిగిన పిల్ల చివరికి ఆ గుండ్ల శాస్త్రమే చదివింది. వాళ్ళ ఇంటి గడపలో డిగ్రీ పట్టా పట్టుకుని అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమే.

పట్టా వచ్చింది, ఉద్యోగం కూడా వచ్చింది, కానీ ఆ ఉద్యోగానికి కాళ్ళు లేవు. కాలేజీలో ఆమె తాత్కాలిక లెక్చరర్. సెలవులు ముగిసేసరికి "ఈ ఏడు కూడా రమ్మంటారా?" అని ప్రిన్సిపాల్ గది బయట నిలబడి అడగాలి. ఇప్పుడు ఒక పర్మనెంటు పోస్టు వేశారు. ఎవరు ఎంపికైతే వాళ్ళే ఆ క్లాసులన్నీ చెబుతారు, తాత్కాలికం అనే కుర్చీ ఇక ఉండదు. అంటే వస్తే పూర్తిగా వస్తుంది, పోతే ఉన్నదీ పోతుంది. ఎంపికకి పరీక్ష ఒక నమూనా పాఠం. ముగ్గురు పెద్దల ముందు, నిజం పిల్లలకి, పరమాణు నిర్మాణం చెప్పాలి.

ఆ కబురు తెలిసిన రోజు నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వాళ్ళ ఇంటి ముందు భాగం నాన్న లేత్ షెడ్డు, వెనక ఒక గది, దాని పక్కన వంటిల్లు. నడవాలనుకున్నవాళ్ళకి అందులో నాలుగడుగుల కన్నా జాగా దొరకదు. ఆమె గోడదాకా వెళ్ళి తిరిగి, గుమ్మందాకా వచ్చి తిరిగి, మధ్యలో అమ్మ కాలు తొక్కి మళ్ళీ తిరిగేది.

"ఏమే, పాఠం చెప్పేది నువ్వా, నీ కాళ్ళా?" అంది అమ్మ.

"ఆలోచిస్తున్నానమ్మా."

"కూర్చుని ఆలోచించే వాళ్ళు కూడా ఉంటారు లోకంలో. నీ ఆలోచన పూర్తయ్యేలోపు నేల అరిగిపోయేట్టుంది."

ఆమెకి కూర్చోవడం ఎందుకు కుదరలేదంటే, పాఠంలోనే ఒక ముల్లు ఉంది. ప్రిన్సిపాల్ గదిలో, బల్ల మీద, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా ఒక పరమాణువు ఉంది. మధ్యలో పసుపు గుండు, చుట్టూ ఇత్తడి తీగ చుట్లు, వాటి మీద ఎర్ర పూసలు. మీట నొక్కితే మోటారు తిరిగి పూసలన్నీ గుండు చుట్టూ పరుగులు తీస్తాయి, సూర్యుడి చుట్టూ గ్రహాల్లా. ప్రిన్సిపాల్ గారు ఎవరొచ్చినా ముందు మీట నొక్కి, తర్వాత కుర్చీ చూపిస్తారు. అది నాన్న చేసిందే. నాన్న చేసిన వాటన్నిటిలోకీ పేరు తెచ్చుకున్నది. ఆ బొమ్మ చూసే మిగతా బళ్ళ వాళ్ళు కూడా ఆయన షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు.

ఎలక్ట్రాన్లు అలా తిరగవు. ఆ సంగతి చెప్పకుండా పరమాణు నిర్మాణం చెప్పడం కుదరదు.

ఒక ఉదయం ఆమె షెడ్డులోకి వెళ్ళి లేత్ పక్కన నిలబడింది.

"నాన్నా, నాకో పరమాణువు కావాలి."

"ఏ సైజు?" అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

"సైజు సంగతి తర్వాత. హైడ్రోజన్ కావాలి. కానీ తీగలొద్దు, పూసలొద్దు."

నాన్న మిషన్ ఆపాడు. "హైడ్రోజన్ అంటే నడుమ ఒక గుండు, బయట ఒక పూస. పూస తీసేస్తే ఇక మిగిలేది గుండు. దాన్ని గోలీ అంటారమ్మా."

"ఎలక్ట్రాన్ ఉంటుంది నాన్నా. కానీ ఫలానా చోట ఉందని చెప్పలేం."

"చెప్పలేకపోతే కనుక్కో. అంత చదువు ఎందుకు చదివినట్టు?"

"ఎవరూ కనుక్కోలేరు. తెలివి చాలక కాదు. మనం వెతికేదాకా దానికంటూ ఒక చోటే ఉండదు."

నాన్న చెవి మీది పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "నా పనిలో మొదటి మాట గుర్తు పెట్టడం. పెన్సిలుతో గుర్తు పెడితేనే బెజ్జం వేసే బరమా పెడతాం, బరమా పెడితేనే పుల్ల దిగుతుంది. చోటు లేనిదానికి బెజ్జం ఎక్కడ వెయ్యాలే?"

"బెజ్జం వద్దనే కదా అంటున్నాను."

"బెజ్జం లేకుండా బొమ్మ ఎలా నిలబడుతుంది?" అని మళ్ళీ మిషన్ తిప్పాడు. కానీ ఆ రోజంతా పరధ్యానంగానే ఉన్నాడు.

ఆమె దగ్గర ఒక ఊహ ఉంది. గాజులా అవతలికి కనబడే ప్లాస్టిక్ పలకలు కొన్ని తీసుకుని, ఒక్కో పలక మీద రంగు చుక్కలు చల్లాలి. నడిమి పలకలకి చిక్కగా, అంచు పలకలకి పలచగా. వాటిని అడుగున పీట ఉన్న చెక్క చట్రంలో, స్టాండులో పళ్ళేల్లా, వరసగా నిలబెట్టాలి. దూరం నుంచి చూస్తే చుక్కలన్నీ కలిసిపోయి గుండ్రటి పొగమంచు ముద్దలా కనబడాలి. ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ దొరకడానికి ఎంతెంత అవకాశం ఉందో చెప్పే బొమ్మ అది. నాన్నకి పొగమంచు నచ్చలేదు గానీ చట్రం మాట చెవిన పడగానే చెయ్యి ఊరుకోలేదు. పలక సరిగ్గా దిగి, కదలకుండా నిలబడే గాడి తీయాలంటే పనితనం కావాలి మరి.

చుక్కలు పెట్టే పని అమ్మ తీసుకుంది. కాసేపటికి బొంగరం వచ్చి చూస్తే, చుక్కలన్నీ గుండ్రంగా, చుట్లు చుట్లుగా, ఒకదానికొకటి సమాన దూరంలో ముచ్చటగా కూర్చున్నాయి.

"అమ్మా, వరసలో వద్దు. అడ్డదిడ్డంగా పెట్టు."

"అడ్డదిడ్డంగానే పెడుతున్నాను."

"ఇది చూడు, మళ్ళీ చుట్టు వచ్చింది."

"నా చెయ్యి అంతేనే. సర్దుకోవడం తెలిసిన చెయ్యి చిందరవందర చెయ్యమంటే ఎలా చేస్తుంది? ఆ పని నీ గదిని అడుగు, అదైతే బాగా చేస్తుంది." అమ్మ కుంచె ఆమె చేతిలో పెట్టేసింది.

ఆమె ప్రయత్నించింది. ఆమె చెయ్యి కూడా వరసే వెతుక్కుంది. క్రమం లేకుండా ఒక్క పలక నింపడం అంత కష్టమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చివరికి పాత టూత్‌బ్రష్ రంగులో ముంచి, పలక మధ్యకి గురిపెట్టి, బొటనవేలితో విదిలించింది. చుక్కలు ఎక్కడ పడాలో అవే చూసుకున్నాయి. మధ్యలో ఎక్కువ, పక్కలకి తక్కువ. గోడ మీద, అమ్మ మోచేతి మీద, నాన్న మంచినీళ్ళ చెంబు మీద కూడా కొంత హైడ్రోజన్ పడింది.

పాఠం రోజు పొద్దున ఆమె పలకలన్నీ చట్రంలో పెట్టి, గుమ్మందాకా వెనక్కి నడిచి చూసింది. నీలిరంగు పొగ గాలిలో ఉండకట్టినట్టుంది. నడిమి పలకలో సూదిమొనంత నల్ల చుక్క, కేంద్రకం. పూస లేదు, చుట్టు లేదు. ఆమె కాళ్ళు ఆ ఒక్క నిమిషం నిలబడ్డాయి. తర్వాత, "నాన్నా, నేను ముందు వెళ్ళి గది చూసుకుంటాను. నువ్వు జాగ్రత్తగా పెట్టెలో సర్ది తీసుకురా" అని చెప్పి బస్సుకి పరుగెత్తింది.

*

పాఠం గది నిండిపోయింది. ముందు వరసలో ప్రిన్సిపాల్, ఆయన పక్కన బయటి నుంచి పరీక్షకుడిగా వచ్చిన ముసలాయన, ఆ పక్కన ఆమెకి హెడ్డయిన మేడమ్. వెనక పిల్లలు. నాన్న పెట్టెను బల్ల మీద పెట్టి వెళ్ళబోతుంటే మేడమ్ ఆపారు. "మీరూ కూర్చోండి, మీ అమ్మాయి పాఠమేగా." నాన్న ఇస్త్రీ చొక్కా చేతులు కిందికి లాక్కుని చివరి బెంచీలో, రెండు అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫొటో దిగేవాడిలా కూర్చున్నాడు.

ఆమె మొదలుపెట్టింది. మొదటి మాటకే సుద్దముక్క విరిగింది. ఇంకోటి తీసుకుంది.

"వాన వెలిశాక ఇంద్రధనుస్సులో రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారిపోతుంటాయి. గాజు గొట్టంలో హైడ్రోజన్ నింపి కరెంటు పంపితే అదీ వెలుగుతుంది. కానీ ఆ వెలుగుని పట్టకంలోంచి పంపి చూస్తే కంటికి కనబడేవి కొన్ని గీతలే. మధ్యలో అంతా చీకటి. మిగతా రంగులు ఎక్కడికి పోయాయి?"

ఆమె బోర్డు మీద ఒక పక్క జారుడుబల్ల, ఒక పక్క మెట్లు గీసింది. "జారుడుబల్ల మీద ఎక్కడైనా ఆగొచ్చు. మెట్ల మీద ఆగాలంటే మెట్టు మీదే ఆగాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య గాలిలో నిలబడలేం. పరమాణువులో ఎలక్ట్రాన్ శక్తి మెట్ల లాంటిది. పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగినప్పుడు ఆ తేడా ఎంతో అంత శక్తి వెలుగుగా బయటికొస్తుంది. తేడాలు కొన్నే, కాబట్టి రంగులూ కొన్నే."

పిల్లలు రాసుకుంటున్నారు. ఆమె అడుగులు బోర్డు ముందు అటూ ఇటూ పడుతున్నాయి, కానీ మాట కుదుటపడింది. గ్రహాల్లా తిరిగే ఎలక్ట్రాన్ల బొమ్మ ఈ మెట్ల సంగతి చెప్పడానికి పుట్టిందని, కానీ విద్యుదావేశం ఉన్నది ఏదైనా గుండ్రంగా తిరిగితే వెలుగు వెదజల్లుతూ శక్తి పోగొట్టుకుని, రెప్పపాటు కూడా పట్టకుండా కేంద్రకంలో పడిపోవాలని చెప్పింది. "మనమంతా ఇక్కడ కూర్చుని ఉన్నామంటే అలా పడిపోవడం లేదన్నమాట. అంటే అలా తిరగడం లేదన్నమాట. మరి ఎలా ఉంది? చూద్దాం."

అని పెట్టె మూత తీసింది.

నీలి పొగ ఉంది. దాని అంచున, పీట మీంచి లేచిన సన్నని ఇత్తడి ఊచ కొసన, రేగుపండంత ఎర్ర పూస ఉంది. వార్నిషు వేసి, మెరిసేదాకా రుద్దిన పూస.

ఆమె చివరి బెంచీ వైపు చూసింది. నాన్న కళ్ళు వెలుగుతున్నాయి.

"ఆ, ఇదీ బాగుంది" అన్నారు ప్రిన్సిపాల్, కుర్చీలో ముందుకి జరిగి. "పొగ మాటేమో గానీ, ఎలక్ట్రాన్ స్పష్టంగా కనబడుతోంది."

ఆ ఎర్ర పూసని చూడనట్టే దాటిపోవచ్చని ఆమెకి తోచింది. పూస ఒక గుర్తు మాత్రమే అనుకోండి అని ఒక మాట అనేస్తే చాలు. ప్రిన్సిపాల్ సంతోషిస్తారు, నాన్న సంతోషిస్తాడు, పిల్లలు పాత పుస్తకంలో చూసిందే కాబట్టి అడగరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

మూడో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఎలక్ట్రాన్ ఆ మబ్బా, ఆ పూసా?"

"ఎందుకలా అడిగావు?"

"రెండూ ఎలక్ట్రానే అయితే హైడ్రోజన్‌కి రెండు ఎలక్ట్రాన్లు అవుతాయి కదా. ఒకటే కదా ఉండాలి."

వెనక ఎవరో, "రెండోది ఫ్రీగా ఇచ్చారే" అన్నారు. గది నవ్వింది. ముసలి పరీక్షకుడు నవ్వలేదు. ఆయన కలం పక్కన పెట్టి ఆమె వైపు చూస్తున్నాడు.

ఇక దాటడానికి దారి లేదు. "నువ్వన్నది నిజం" అంది ఆమె. "ఇందులో ఒకటి ఎక్కువైంది." ఊచ పట్టుకుని లాగింది.

నాన్న వేసిన బెజ్జంలో నాన్న దిగ్గొట్టిన ఊచ. అంత తేలిగ్గా వస్తుందా. ఆమె మెలితిప్పింది, పీటని మోచేత్తో అదిమి మళ్ళీ లాగింది. మూడోసారికి ఊచ కిర్రుమని ఊడొచ్చింది. చివరి బెంచీ వైపు చూడకుండా దాన్ని బల్ల మీద పెట్టింది. ఊచ కొస నుంచి ఊడిన పూస రెండు దొర్లు దొర్లి ఆగింది.

"ఇప్పుడు చూడండి. ఈ చుక్కలన్నీ ఎలక్ట్రాన్లు కావు. ఇలాంటి హైడ్రోజన్ పరమాణువులు ఎన్నో తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కసారి ఎలక్ట్రాన్‌ని వెతికి, దొరికిన చోట ఒక చుక్క పెట్టామనుకోండి. చుక్కలు చిక్కగా ఉన్నచోట దొరకడానికి అవకాశం ఎక్కువ, పలచగా ఉన్నచోట తక్కువ. ఇంతవరకే చెప్పగలం. పూసని చూడాలంటే దాని మీద వెలుగు పడాలి. పూసకి వెలుగు తగిలినా కదలదు. ఎలక్ట్రాన్ అంత చిన్నదానికి వెలుగు తగలడం అంటే తన్ను తగలడమే. చోటు ఎంత కచ్చితంగా పట్టుకోవాలనుకుంటే దాని వేగం అంత చెదిరిపోతుంది."

"మరి ఈ బెజ్జం?" అంది మూడో బెంచీ అమ్మాయి, పీట వైపు వేలు చూపించి.

"బెజ్జం మనది. పరమాణువుది కాదు" అంది బొంగరం. "మనకి ఏ వస్తువైనా ఒకచోట ఉంటేనే నమ్మకం కుదురుతుంది. అందుకని ఒక చోటు పెట్టేస్తాం."

ఇందాక జోకు వేసిన గొంతే ఈసారి నిజంగా అడిగింది. "మధ్యలో అంత చిక్కగా ఉంటే, కేంద్రకం లాగేస్తుంటే, ఇదైనా అందులో పడిపోదా మేడమ్?"

ఆమె బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఒక మనిషిని పెద్ద మైదానంలో వదిలితే నింపాదిగా నడుస్తాడు. చిన్న గదిలో పెట్టి తలుపేస్తే? గోడ నుంచి గోడకి తిరుగుతాడు. ఇది పోలిక మాత్రమే, పరీక్షలో రాయకండి. ఎలక్ట్రాన్‌ని ఎంత చిన్న చోట్లోకి నెడితే దాని కదలిక అంత పెరుగుతుంది, శక్తి అంత ఎక్కువవుతుంది. కేంద్రకం లోపలికి లాగుతుంది. లాగేకొద్దీ ఇది ఎగసిపడుతుంది. ఆ లాగుడూ ఈ ఎగసిపాటూ సరితూగిన చోట పరమాణువు నిలబడుతుంది. దాని సైజు అదే."

హెడ్ మేడమ్ తల ఊపారు. ప్రిన్సిపాల్ మాత్రం ఇంకా ఎర్ర పూసనే చూస్తున్నారు.

"అయితే నా గదిలో ఉన్న బొమ్మ తప్పంటావామ్మా?"

ఆ ప్రశ్న ముందు వరస నుంచి వచ్చింది గానీ వెళ్ళి తగిలింది చివరి బెంచీకి.

"మెట్ల లెక్క చెప్పడానికి అది ఒకప్పుడు పనికొచ్చింది సార్, ఇప్పుడూ మొదటి రోజు చూపించొచ్చు. ఎలక్ట్రాన్ అలా చుట్లు తిరుగుతుందని చెబితే మాత్రం తప్పే."

నాన్న లేచాడు. బెంచీ చప్పుడు కాకుండా మెల్లగా జరిపి, వంగి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

*

పాఠం అయ్యాక అభ్యర్థులని బయట ఉండమన్నారు. అటెండరు బల్ల ఖాళీ చేసి బొమ్మ పెట్టెని వరండాలో పెట్టాడు. ఆమె తర్వాత ఇంకొకాయన పాఠం చెప్పాడు. సూటు వేసుకున్న మనిషి, గొంతు ఖంగుమంటుంది. తలుపు సందులోంచి పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. ఆమె వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. నాన్న ఎక్కడా కనబడలేదు. బొమ్మ కూడా కనబడలేదు. పెట్టె తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడేమో అనుకుంది. మెట్ల దాకా వెళ్ళి చూసింది, నీళ్ళ కుళాయి దగ్గర చూసింది. చివరికి వరండా మలుపులో, కిటికీ వెలుగులో నేల మీద కూర్చుని కనబడ్డాడు. బొమ్మ ముందు, వెంట తెచ్చుకున్న పనిముట్ల సంచి పక్కన పెట్టుకుని ఉప్పుకాగితంతో పీట రుద్దుతున్నాడు.

"నాన్నా."

ఆయన తల ఎత్తలేదు. "ఎన్ని బళ్ళకి చేశానో ఆ తీగల బొమ్మ. అందరికీ తప్పు సరుకే అమ్మానన్నమాట."

"నువ్వు చేసింది పుస్తకంలో బొమ్మే నాన్నా. నీ పని తప్పని నేను అనలేదు."

"నలుగురిలో తప్పు అన్నావు. నా చెవులు బాగానే పనిచేస్తాయి."

ఆమె పక్కన కూర్చుని, వెంటనే లేచి, మళ్ళీ కూర్చుంది. "నేను వద్దన్నాక కూడా ఆ పూస ఎందుకు పెట్టావు?"

నాన్న చెయ్యి ఆగింది. "సగం సరుకు నేనెప్పుడూ గుమ్మం దాటించలేదు. పొద్దున పెట్టెలో పెడుతుంటే మనసొప్పలేదు. అంత పెద్దవాళ్ళు చూస్తారు కదా, చూసి, పాపం లేత్ వాడి కూతురు, బొమ్మ పూర్తి చేయించుకోవడానికి కూడా వీల్లేకపోయింది అనుకుంటారేమోనని. ఉన్నవాటిలో మంచి పూస ఏరి పెట్టాను."

చిరాకా, దుఃఖమా, నవ్వా, ఏది ముందు వస్తుందో తెలియక ఆమె పెదవి కొరుక్కుంది.

"నువ్వు పీకేటప్పుడు అనుకున్నాను, ఊచ విరుగుతుందని. విరగలేదు" అన్నాడు. అందులో కాస్త గర్వం లేకపోలేదు.

"నీ ఊచ ఎందుకు విరుగుతుంది. నా మణికట్టు విరగబోయింది."

"చూపించు."

చూశాడు. నొక్కి, వదిలేశాడు. సరిగ్గా అప్పుడే అటెండరు కేకేశాడు. "కెమిస్ట్రీ మేడమ్, లోపలికి రమ్మంటున్నారు."

లోపల ముగ్గురూ ఉన్నారు. బల్ల మీద ఎర్ర పూస ఉంది. ముసలి పరీక్షకుడు అన్నాడు, "నేను అడగాలని దాచుకున్న ప్రశ్న ఆ మూడో బెంచీ పిల్ల అడిగేసింది. నా పని తేలికైంది. ప్రశ్న పుట్టించింది మీ పాఠం కాబట్టి అది మీ ఖాతాలోకే వెళుతుంది."

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నారు. "పోస్టు నీదేనమ్మా. వీళ్ళిద్దరూ ఒకే మాట మీదున్నారు, నేను అడ్డం చెప్పదలచుకోలేదు. కష్టపడి పనిచేస్తావు, అది నాకూ తెలుసు. ఒక్క విషయం. ఆ బొమ్మని ముందు హాల్లో పెడదాం. కానీ పూస మళ్ళీ పెట్టించు. వచ్చినవాళ్ళకి పొగమంచు చూపించి ఇదే పరమాణువంటే నవ్విపోతారు."

ఆమె "సరే సార్" అనబోయింది. చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళు ఏదైనా చెబితే ఆమె నోటికి ముందు వచ్చేది ఆ మాటే. ఇప్పుడైతే చేతికి అందిన ముద్ద నోటిదాకా వచ్చి ఉంది. ఒక పూస. ఎవరికి నష్టం? మూడో బెంచీ అమ్మాయి రేపు హాల్లోంచి నడుస్తూ దాన్ని చూస్తుంది, అంతేగా.

అంతే. అదే ఆ మాటకి అడ్డం పడింది.

"పూస పెడితే రెండు ఎలక్ట్రాన్లవుతాయి సార్" అంది మెల్లగా.

"అబ్బ, అంత లెక్క ఎవరు చూస్తారమ్మా? మీ నాన్నగారు ఉన్నారుగా, పిలు. రెండు నిమిషాల పని."

నాన్న బొమ్మతో సహా వచ్చాడు. చట్రాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, తలుపు దగ్గర ఆగి, "దండాలండీ" అన్నాడు. ప్రిన్సిపాల్ పూస అందించారు. నాన్న దాన్ని తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"కుదరదండి. బెజ్జం పూడ్చేశాను."

ఆమె పీట వైపు చూసింది. బెజ్జం ఉన్న చోట కర్ర చీల దిగ్గొట్టి, కోసి, నునుపుగా రుద్దేశాడు. వేలితో తడిమితే తప్ప తెలియదు.

"అప్పుడే పూడ్చేశారా?"

"ఊరికే ఉన్న బెజ్జం ఉంచకూడదండి. చెమ్మ చేరుతుంది, కర్ర చీలుతుంది. నోరు తెరుచుకున్న సరుకు నేను ఎవరికీ ఇవ్వను."

"పోనీ ఇంకోటి వెయ్యండి పక్కన."

"వేస్తానండి, అదెంత పని." నాన్న చెవి మీది పెన్సిలు తీశాడు. తీసి, కూతురి వైపు చూశాడు. "ఎక్కడ వెయ్యాలో మా అమ్మాయిని చెప్పమనండి, గుర్తు పెట్టుకుంటాను. నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ తెలియదంటోంది. తనకే కాదట, అసలెవరికీ తెలియదట."

ముసలి పరీక్షకుడి భుజాలు కదిలాయి. ఆయన రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. మేడమ్ కిటికీ వైపు తిరిగారు. ప్రిన్సిపాల్ పీటనీ, పెన్సిలునీ, బొంగరాన్నీ మార్చి మార్చి చూశారు.

"సరేలెండి" అన్నారు చివరికి. "హాల్లో అలాగే పెట్టండి. నా గదిలోది మాత్రం కదిలించేది లేదు."

"ఉంచుకోండయ్యా. దానికి నూనె వెయ్యాలి. ఇందాక అటువైపుగా పోతుంటే ఎవరో మీట నొక్కారు, కీచుమంటోంది."

*

బస్‌స్టాపులో బెంచీ ఉంది, ఆమె కూర్చోలేదు. పోస్టు వచ్చిందని అమ్మకి ఫోను చేసింది. అమ్మ ఏడ్చి, ఆ వెంటనే గోడ మీద రంగు మరకలు ఎవరు తుడుస్తారని అడిగింది. ఫోను పెట్టేశాక బొంగరం స్తంభందాకా నడిచి వచ్చింది, మళ్ళీ నడిచింది. ఇన్నాళ్ళుగా తరిమిన భయం వెళ్ళిపోయింది కదా, మరి ఈ కాళ్ళకి ఇంకా ఏం కావాలో ఆమెకి అర్థం కాలేదు.

"పర్మనెంటు అయ్యావుగా, ఇకనైనా కూర్చోవే" అన్నాడు నాన్న.

కూర్చుంది. నాన్న జేబులోంచి పూస తీసి వేళ్ళ మధ్య దొర్లిస్తున్నాడు.

"రేపు ఇంకో బడి వాళ్ళు వచ్చి అడిగితే ఏది చెయ్యమంటావు? తీగల బొమ్మా, పొగ బొమ్మా?"

"రెండూ చెయ్యి నాన్నా. తీగల బొమ్మ ఇచ్చేటప్పుడు ఇది పాత బొమ్మ అని చెప్పు. పొగ బొమ్మ ఇచ్చేటప్పుడు..." ఆగింది. "అప్పుడు నన్ను పిలు."

"వాళ్ళు కూడా బెజ్జమే అడుగుతారు."

"అడగనీ."

ఆమె మోకాలు వణుకుతూనే ఉంది, కూర్చున్నది కూర్చున్నట్టే. నాన్న దాని మీద అరచెయ్యి వేసి ఒత్తి పట్టాడు. కాసేపు ఆగింది. చెయ్యి కింద మళ్ళీ మొదలైంది.

"ఇదేమిటే, గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది?"

"ఎలక్ట్రాన్ అట్టడుగు మెట్టు మీద కూడా పూర్తిగా ఆగదు నాన్నా" అంది ఆమె. "దాని తీరే అంత."

నాన్న చెయ్యి తీసేశాడు. బస్సు వస్తుందేమోనని ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. అది వేరే బస్సు.